సాఫ్ట్ టాప్ వెనకద్దం మారుస్తున్నా, పాత బంక వదలట్లేదు. ఎంతవరకు గీకాలి?

రేకుల_షెడ్డు
2007 మోడల్, నాలుగు సీట్ల కన్వర్టిబుల్, అంటే టాప్ మడిచేసే కారు. గుడ్డ టాప్, డీఫాగర్ గీతలున్న (ఆవిరి పోగొట్టడానికి వేడెక్కే గీతలు) గాజు అద్దం. కంపెనీ పేరు రాయను, రాస్తే చర్చ బంక వదిలేసి బ్రాండు పట్టుకుంటుంది. పాత అద్దం మూల చిట్లి మొత్తం పొడైపోయింది. జంక్‌యార్డ్‌లో అదే మోడల్ అద్దం 60 డాలర్లకి దొరికింది.

ఇప్పుడు రెండు చోట్ల బంక తీయాలి. ఒకటి, తెచ్చిన అద్దం. దాని చుట్టూ నల్ల బంక, ఆ బంకకి అతుక్కుని పాత కారు టాప్ గుడ్డ పీలికలు. రెండు, నా టాప్ గుడ్డ అంచు. 22 మి.మీ. వెడల్పు, చుట్టుకొలత రెండున్నర మీటర్లు. కింద, పక్కల నల్ల బంక ఒక్కటే ఉంది. పై అంచులో మాత్రం మునుపటి ఓనరు దాని మీద ఇంకేదో పారదర్శకమైనది పూశాడు. గూ గాన్ (జిగురు వదిలించే ద్రవం) రాశా, జిడ్డయింది తప్ప కదల్లేదు. హీట్ గన్ పెట్టా, పొగ వచ్చింది తప్ప కదల్లేదు. మొత్తం పోయేదాకా గీకాలా, కొంత వదిలేయొచ్చా?

ఎడిసన్_కారప్పొడి
గూ గాన్ గుడ్డకి రాశావా, గాజుకా?

రేకుల_షెడ్డు
రెండింటికీ. తప్పా?

ఎడిసన్_కారప్పొడి
కెమిస్ట్రీ అక్క వచ్చి చెబుతుంది, నేను తిట్టను.

గోదారి_గేరు
ముందొకటి చెప్పు. గుడ్డ అద్దానికి బయట వైపు అంటుతుందా, లోపలి వైపా?

రేకుల_షెడ్డు
బయట. అద్దం కారు లోపల్నించి వస్తుంది, గుడ్డ అంచు దాని మీద కూర్చుంటుంది.

బెజవాడ_రెక్సిన్
అయితే గాజు సంగతి తర్వాత చూడు, గుడ్డని ముందు కాపాడుకో. గాజు పాడైతే ఇంకో 60 డాలర్లు. గుడ్డ పాడైతే మొత్తం టాప్.

ఆ గుడ్డ మూడు పొరలు. పైన కనిపించేది దారం దశలోనే రంగు కలిపిన ఆక్రిలిక్ నేత. మధ్యలో బ్యుటైల్ రబ్బరు, నీళ్లు ఆపేది అదే. అడుగున నూలు, కొన్ని రకాల్లో పాలిస్టర్ కలిపిన నూలు. గుడ్డ గాజు మీద కూర్చుంటుందన్నావు కాబట్టి నీ బంక పట్టుకున్నది అడుగు పొరని. బంక ఆ నూలులోకి ఇంకి గట్టిపడింది. దాన్ని గోటితో పట్టి లాగావనుకో, బంక గుడ్డని వదలదు, నూలు రబ్బరుని వదిలేస్తుంది. పట్టీ పట్టీగా లేచొచ్చి కింద నల్లగా, జిగటగా రబ్బరు బయటపడుతుంది. దాని మీద కొత్త బంక సరిగా నిలవదు.

అందుకని గుడ్డ మీద లాగడం లేదు, కోయడమే. పదునైన బ్లేడుని గుడ్డకి దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి, బంక గుట్టని పొరలు పొరలుగా చెక్కు. దోసకాయ చెక్కు తీసినట్టు. గుడ్డ కింద గట్టి పలక పెట్టు, గాల్లో వేలాడుతుంటే బ్లేడు దిగబడిపోతుంది. బ్లేడుకి తెల్ల పోగులు తగిలాయంటే ఆగు. అర మిల్లీమీటరు బంక మిగిలినా పర్లేదు.

రేకుల_షెడ్డు
ఓ జానెడు ఇప్పటికే లాగేశానన్నా. కుడి కింద మూల. తెల్ల పోగులే వచ్చాయి.

బెజవాడ_రెక్సిన్
నల్ల రబ్బరు కనపడుతోందా, లేక నూలు పైపైన రేగిందా?

రేకుల_షెడ్డు
రేగింది. నలుపు కనపడట్లేదు.

బెజవాడ_రెక్సిన్
బతికిపోయావు. రేగిన పోగులు కత్తెరతో కత్తిరించు, లాగకు.

కెమిస్ట్రీ_అక్క
గూ గాన్ సంగతి. అందులో ఉండేది పెట్రోలియం ద్రావకం, కొంచెం నారింజ తొక్క నూనె జాతి. గాజు మీద ఏ ఇబ్బందీ లేదు, తుడిస్తే పోతుంది. గుడ్డ మీద అలా కాదు. బ్యుటైల్ రబ్బరుకి హైడ్రోకార్బన్లంటే పడదు. పెట్రోలు, కిరోసిన్, మినరల్ స్పిరిట్స్, టర్పెంటైన్, టోలీన్, జైలీన్, డబ్ల్యూడీ-40, అన్నీ అదే బాపతు. నూలు పీల్చుకుంటుంది, మధ్య పొర ఉబ్బుతుంది, పొరలు విడిపోతాయి. బయట నుంచి చూస్తే అప్పడంలా బుడగలు కనిపిస్తాయి. ఒక్కసారి రాస్తే కొంప మునగదు, కాకపోతే ఇక ఆపు. రాసిన చోట ఎండలో ఒక రోజంతా ఆరనివ్వు.

బ్యుటైల్ తట్టుకునేవి ఆల్కహాల్, ఎసిటోన్. అందుకని గుడ్డ వైపు ఆ రెండే వాడాలి, అదీ బట్టకి అద్దుకుని, సీసా వంచి పోసి కాదు. ఎసిటోన్‌తో పైనున్న వాటర్ రిపెల్లెంట్ పూత పోతుంది, కారు పెయింటు మీద చుక్క పడితే అదీ పోతుంది. డిక్కీ మూత మీద మందపాటి దుప్పటి, దాని కింద ప్లాస్టిక్ షీటు వేసుకో. నీ టాప్ గుడ్డ కాకుండా వినైల్ అయ్యుంటే ఎసిటోన్ కూడా వద్దనేదాన్ని, వినైల్‌ని తినేస్తుంది.

మియాటా_మావ
పనసకాయ కోసేముందు చేతికి నూనె రాసుకోవడం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. కొబ్బరినూనె రాసి ఒక పూట వదిలేస్తే బంక వదలదా అక్కా? నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నా.

కెమిస్ట్రీ_అక్క
పనస పాలు పచ్చిగా ఉన్నాయి కాబట్టి వదులుతాయి. ఇది అణువులన్నీ ఒకదానికొకటి ముడిపడి గట్టిపడిన పాలీయురెథేన్. ఉబ్బుతుంది తప్ప కరగదు. పైగా నూనె పొర మిగిలితే కొత్త బంక దాని మీద కూర్చుంటుంది, గుడ్డ మీద కాదు.

ఫ్రిస్కో_పెదబాబు
బ్రేక్ క్లీనర్ కొట్టు, హీట్ గన్ పెట్టు, ఐదు నిమిషాల పని. ఇంత చర్చ దేనికి.

కెమిస్ట్రీ_అక్క
పెదబాబు గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌ని బాగా వేడి చేస్తే ఫాస్జీన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తుల్ని పాడుచేసే విషం. క్లోరిన్ లేనిదైతే నిప్పంటుకుంటుంది. ఏ డబ్బా తీసుకున్నా హీట్ గన్‌తో కలిపి వద్దు. ఎసిటోన్ కూడా అంతే, దాని ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరి నిప్పంటుకోగలిగే వేడి, సున్నాకి 20 డిగ్రీల కింద. ఒకరోజు వేడి పని, ఇంకోరోజు ద్రావకం పని పెట్టుకోండి. ద్రావకంతో తడిసిన గుడ్డలు గ్యారేజీలో కుప్ప వేయకండి, బయట విడివిడిగా ఆరేయండి.

రేకుల షెడ్డు గారూ, మీకు వచ్చిన పొగ కూడా మంచిది కాదు. పాలీయురెథేన్ మాడితే ఐసోసయనేట్లు, ఇంకా చెడ్డవి వస్తాయి. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైందని లెక్క. తలుపు తీసి పెట్టుకోండి.

ఫ్రిస్కో_పెదబాబు
వెనక్కి తీసుకున్నా తల్లీ.

అద్దాల_అన్నయ్య
గాజు వైపు నేను చెబుతా, నాది విండ్‌షీల్డ్ మార్చే పని.

పాత యురెథేన్ (అక్క చెప్పిన పాలీయురెథేన్ బంకే) గాజుకి గట్టిగా పట్టుకుని ఉంటే మొత్తం తీయొద్దు. ఒక మిల్లీమీటరు మందం వదిలి, పైభాగం కొత్త బ్లేడుతో సాఫుగా కోయి. అప్పుడే కోసిన పాత యురెథేన్‌కి కొత్త యురెథేన్ అతుక్కున్నంత బాగా ఉత్త గాజుకి కూడా అతుక్కోదు. విండ్‌షీల్డ్ మార్చేటప్పుడు బాడీ రేకు మీద చేసేది అదే. కోసిన తర్వాత చేత్తో ముట్టొద్దు, దుమ్ము పడనివ్వొద్దు, ఆ రోజే కొత్తది వేసేయాలి.

గుడ్డ పీలికలున్నాయన్నావు కదా, వాటిని బంకతో సహా కోసి తీసేయి. అద్దాన్ని టేబుల్ మీద దుప్పటి పరిచి పెట్టు. హీట్ గన్ 20 సెంటీమీటర్ల దూరంలో ఆడిస్తూ ఉండు, ఒకే చోట నిలపకు. బంక వేలితో నొక్కితే మెత్తగా తగిలి, వేలు కాలకపోతే చాలు, సుమారు 60 డిగ్రీలు. సింగిల్ ఎడ్జ్ బ్లేడు హోల్డర్‌లో పెట్టి, 30 డిగ్రీల వాలులో, ముందుకే తొయ్యి. వెనక్కి గీకితే బ్లేడు అంచు మడతపడి గాజు మీద గీత పడుతుంది. బ్లేడుని సబ్బునీళ్లలో ముంచుతూ ఉండు. అద్దం మొత్తానికి పదిహేను ఇరవై బ్లేడులు పడతాయి, పీనాసితనం చేయకు.

ఇంకోటి, గాజు అంచుకి ఉక్కు తగలనివ్వకు. అది టెంపర్డ్ గాజు. మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది, అంచు మీద చిన్న చిట్లు పడితే మొత్తం జొన్నగింజలైపోతుంది. నీ పాత అద్దం పోయింది అలాగే.

బెజవాడ_రెక్సిన్
అన్నయ్యతో ఒక్క దగ్గర పేచీ. విండ్‌షీల్డ్‌లో ఏ బంక వాడారో తెలుసు. జంక్‌యార్డ్ అద్దానికి ఏముందో ఎవరికి తెలుసు? ఫ్యాక్టరీదో, మధ్యలో ఎవడైనా పూసిందో. తెలియనిదాని మీద కొత్తది వేయడం కంటే గాజుని ఉత్త గాజు చేసుకోవడం నయం. రెండు గంటల పని ఎక్కువ, అంతే.

అద్దాల_అన్నయ్య
తెలియకపోతే పరీక్ష చేసుకోవాలి గానీ మొత్తం గీకేయడం దేనికి? ఉత్త గాజు చేస్తే బంక పట్టడానికి ముందు పూసే యాక్టివేటరు, నల్ల ప్రైమరు తప్పనిసరి. అవి లేకుండా వేస్తే ఏడాదికే ఊడుతుంది. ఆ ప్రైమరు చిన్న సీసా కొంటే వారంలో సగం గట్టిపడిపోతుంది.

బెజవాడ_రెక్సిన్
ప్రైమరు ఖరీదు కన్నా టాప్ ఖరీదు ఎక్కువ కదా అన్నయ్యా.

కెమిస్ట్రీ_అక్క
ఇద్దరూ చెప్పింది సబబే, ఆధారపడేది బంక ఏ జాతి అన్నదాని మీద. తేల్చుకోవడం కష్టం కాదు.

బఠాణీ గింజంత ముక్క కోసి, పట్టకారుతో పట్టుకుని, ఆరుబయట, ద్రావకాలకి దూరంగా, లైటర్ మంట చూపించు. నల్ల మసి వదులుతూ పసుపు మంటతో కాలి, నల్లగా ముద్దయితే యురెథేన్ జాతి. కాలాక తెల్లటి బూడిద మిగిలితే సిలికాన్. ఆ తెలుపు ఇసుకే, సిలికా. మంట దగ్గరికి రాగానే తేనెలా కారి తీగలు సాగితే పాతకాలపు హాట్‌మెల్ట్, అంటే వేడికి కరిగే జిగురు. కాల్చకముందే పసుపు గోధుమ రంగులో ఉండి, వేలితో నలిపితే రబ్బరు పెన్సిల్ తుడుపులా ఉండలు కడుతుంటే వెదర్‌స్ట్రిప్ (తలుపు అంచు రబ్బరు) అతికించే బంక, అంటే నియోప్రీన్.

గాజు మీద యురెథేన్ అయితే గోటితో అంచు లేపి చూడు. లేవకపోతే అన్నయ్య పద్ధతి. ఎక్కడైనా తొక్కలా లేస్తే రెక్సిన్ గారి పద్ధతి, ఆ భాగం ఉత్త గాజు దాకా పోవాల్సిందే. హాట్‌మెల్ట్, నియోప్రీన్, సిలికాన్, వీటిలో ఏదైనా సరే ఒక్క పొర కూడా వదలొద్దు.

రేకుల_షెడ్డు
చేశా.
గాజు మీదున్నది: నల్ల మసి, ముద్ద. గోటికి లేవలేదు.
టాప్ గుడ్డ మీద నల్లది: అదే తీరు.
టాప్ పై అంచులో పారదర్శకమైనది: తెల్ల బూడిద.

ఎడిసన్_కారప్పొడి
అయ్యో.

గోదారి_గేరు
సిలికాన్. మునుపటి ఓనరు చేతులు విరగ.

మియాటా_మావ
పది డాలర్ల ట్యూబుతో వెయ్యి డాలర్ల పని ఖరాబు చేసేది సిలికానే.

రేకుల_షెడ్డు
ఎంత సీరియస్? పై అంచులో మధ్యన 40 సెం.మీ. పొడుగున ఉంది.

కెమిస్ట్రీ_అక్క
సిలికాన్ మీద సిలికాన్ తప్ప ఏదీ అతకదు. యురెథేన్ వేస్తే ఆరి, గట్టిపడి, అచ్చు బాగున్నట్టే కనిపించి, మొదటిసారి టాప్ దించినప్పుడు కాగితంలా ఊడొస్తుంది. కంటికి కనపడనంత పల్చటి పొర మిగిలినా అదే గతి. గాజు మీద అయితే తీయొచ్చు, బ్లేడుతో గీకి, సిలికాన్ రిమూవర్ రాసి, కడిగి, మళ్లీ రాసి. పోయిందో లేదో తెలుసుకోవడానికి నీళ్లు చల్లు. నీళ్లు పల్చగా పరుచుకుని నిలిస్తే శుభ్రం. తామరాకు మీద లాగా ముత్యాలు కట్టి జారిపోతే ఇంకా ఉన్నట్టు.

గుడ్డ మీద ఈ పరీక్ష పనికిరాదు, నూలు ఎలాగూ నీళ్లు పీల్చుకుంటుంది. సిలికాన్ పోగుల మధ్యకి దిగి ఉంటే రిమూవరూ లోపలికి పోదు. ఒక ఆశ ఏమిటంటే, నీ కారులో ముందు నల్ల యురెథేన్ ఉంది, సిలికాన్ దాని మీద వేశారు. యురెథేన్ ముందే నూలుని నింపేసి ఉంటే సిలికాన్ గుడ్డని తాకి ఉండదు. యురెథేన్‌తో సహా ముక్కగా కోసేస్తే రెండూ కలిసి పోవాలి.

బెజవాడ_రెక్సిన్
నేనూ అదే అనబోతున్నా. ఒక జాగ్రత్త: సిలికాన్ కోసిన బ్లేడుతో మిగతా చోట కోయకు. ఆ 40 సెం.మీ. ఆఖర్న చెయ్యి, వేరే బ్లేడులు, వేరే గ్లవ్స్, వేరే గుడ్డలు. లేకపోతే నువ్వే చుట్టూ పూసిపెట్టినట్టు అవుతుంది.

థార్_తమ్ముడు
హైదరాబాద్ నుంచి. మాది థార్ సాఫ్ట్ టాప్, వెనక ప్లాస్టిక్ కిటికీ. అంచున చినిగితే ఇంతకుముందు డబుల్ టేప్ వేశారు, ఇప్పుడు ఆ జిగురు మిగిలింది. ఇవే పద్ధతులు పనికొస్తాయా?

బెజవాడ_రెక్సిన్
రావు తమ్ముడూ. పారదర్శక ప్లాస్టిక్ మీద బ్లేడు పెడితే గీత, ఎసిటోన్ పెడితే తెల్లగా మసకబారుతుంది, థిన్నరూ అంతే. డబుల్ టేప్ జిగురుకి ఐసు గడ్డ కవర్లో చుట్టి ఐదు నిమిషాలు ఆనించు, గట్టిపడ్డాక బొటనవేలితో దొర్లిస్తే ఉండలుగా వస్తుంది. మిగిలిన మరక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి నూలు గుడ్డతో. చినుగు అతికించి లాభం లేదు, ఆ ప్లాస్టిక్‌కి కుట్టే గతి. ఆటోనగర్‌లో ఏ రెక్సిన్ షాపులోనైనా కుడతారు.

మియాటా_మావ
దానికే చేర్పు: మొదటి తరం మాజ్డా మియాటా కారులో వెనక కిటికీ ప్లాస్టిక్, జిప్పుతో ఊడొస్తుంది, బంక గొడవే లేదు. 1999 మోడల్ నుంచి గాజు వచ్చింది. పోర్షే బాక్‌స్టర్‌కి గాజు 2003 మోడల్‌తో. ప్లాస్టిక్ పసుపెక్కుతుందని గాజు పెట్టారు. గాజు బరువేమో బంక మీద పడింది. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి.

గోదారి_గేరు
@రేకుల_షెడ్డు డీఫాగర్ టాబ్‌ల దగ్గర ఏం చేస్తున్నావు? రెండు పక్కలా వైరు తగిలే రేకు ముక్కలు గాజుకి టంకం వేసి ఉంటాయి. అక్కడ హీట్ గన్ పెట్టకు, బ్లేడు తగిలించకు. గీతలు లోపలి ముఖం మీద ఉంటాయి, నువ్వు గీకేది బయటి ముఖం, కాబట్టి అద్దం తిరగేసినప్పుడు కింద పరిచే దుప్పటిలో బంక ముక్కలు, బ్లేడు ముక్కలు లేకుండా చూసుకో. ఒక్క చిన్న రాయి చాలు, ఒక గీత తెగుతుంది, ఆ గీత వేడెక్కదు.

రేకుల_షెడ్డు
ఇది నాకు తట్టలేదు, థాంక్స్. టాబ్‌ల మీద నాలుగు పొరలు మాస్కింగ్ టేప్ వేశా.

ఫ్రిస్కో_పెదబాబు
పెయింట్ రిమూవర్ గురించి ఎవరూ మాట్లాడరేం? గాజు మీదే అంటున్నా, గుడ్డ మీద కాదు, అక్క కొట్టొద్దు.

కెమిస్ట్రీ_అక్క
పనిచేసే రకంలో మెథిలీన్ క్లోరైడ్ ఉండేది. అమెరికాలో 2019 నుంచి అది ఉన్న పెయింట్ రిమూవర్‌ని మామూలు వాళ్లకి అమ్మడం ఆపేశారు, మూసిన గదుల్లో ప్రాణాలు పోయాయి కాబట్టే. గాజు మీద యురెథేన్ మందంగా ఉండి బ్లేడు సాగకపోతే జైలీన్‌తో తడిపిన గుడ్డ పరిచి, పైన వంటింటి ప్లాస్టిక్ ర్యాప్ కప్పి అరగంట ఉంచండి. ఉబ్బి, అటుకుల్లా చిట్లుతుంది. తర్వాత ఎసిటోన్‌తో రెండుసార్లు. ఇదంతా కారుకి దూరంగా, బయట టేబుల్ మీద. మన అద్దానికి అవసరం లేదనుకుంటా, ఒక మిల్లీమీటరు వదిలేస్తున్నాం కదా. వదిలేసే బంకకి జైలీన్ పట్టించకూడదు కూడా.

అద్దాల_అన్నయ్య
చివరి మాట ముఖ్యం. వదిలే యురెథేన్ మీద ఏ ద్రావకమూ వద్దు, పొడిగా కోయడమే. సబ్బునీళ్లు కూడా గుట్ట తీసేదాకే. ఆఖరి కోత పొడి బ్లేడుతో.

రేకుల_షెడ్డు
ఇవాళ్టి లెక్క. అద్దం అయిపోయింది, 19 బ్లేడులు, మూడు గంటలు. చుట్టూ ఒక మిల్లీమీటరు నల్ల పట్టీ నిగనిగలాడుతోంది. గుట్ట మాత్రమే తీశా, ఆఖరి కోత అతికించే రోజు పొడి బ్లేడుతో.

గుడ్డ: కింద అంచు, రెండు పక్కలు చెక్కడం అయింది. తడిమితే బంక సన్నగా చర్మంలా తగులుతోంది, నూలు గళ్లు దాని కింద కనపడుతున్నాయి. ఇంతేనా?

బెజవాడ_రెక్సిన్
సరిగ్గా అంతే. గళ్లు కనపడాలి, పోగులు లేవకూడదు.

రేకుల_షెడ్డు
పై అంచు సిలికాన్ ముక్క కూడా కోశా. చాలావరకు యురెథేన్‌తో కలిసే వచ్చింది. పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? నీళ్ల పరీక్ష పనికిరాదన్నారుగా.

కెమిస్ట్రీ_అక్క
అతికించి పీకి చూడడమే. నువ్వు వాడబోయే యురెథేన్‌నే ఐదు చోట్ల రూపాయి బిళ్లంత వేయి: సిలికాన్ ఉన్న పొడుగులో మూడు, బాగున్న చోట్ల రెండు. ఒక్కోదానిలో మూడు వేళ్ల పొడుగు గుడ్డ రిబ్బను ముక్క కొస అద్దు. పల్చగా వేయి, 2 మి.మీ. చాలు. తేమ పీల్చుకుని గట్టిపడే బంక ఇది, రోజుకి 3 మి.మీ. లోతు దాకా ఆరుతుంది. రెండు రోజులు ఆగి రిబ్బను కొస పట్టి వెనక్కి మడిచి లాగు. బంక చీలి సగం అటు సగం ఇటు పోతే పాస్. పాత బంక చర్మం మీంచి శుభ్రంగా, చప్పుడు లేకుండా ఊడొస్తే ఫెయిల్.

ఎడిసన్_కారప్పొడి
బాగున్న చోట్ల రెండెందుకక్కా?

కెమిస్ట్రీ_అక్క
అక్కడా ఊడితే తప్పు సిలికాన్‌ది కాదని తెలియడానికి. గూ గాన్ జిడ్డో, పాడైన ట్యూబో అయ్యుంటుంది.

ఎడిసన్_కారప్పొడి
ఓ. తెలివి.

రేకుల_షెడ్డు
రెండు రోజులాగి లాగి చూశా. బాగున్న చోట్ల రెండూ పాస్, బంక చీలింది. సిలికాన్ వైపు ఎడమది పాస్, కుడిది పాస్. మధ్యది ఫెయిల్, స్టిక్కర్‌లా వచ్చేసింది. దాని అటూ ఇటూ ఇంకో నాలుగు వేసి, మళ్లీ రెండు రోజులాగి చూశా, మొత్తం 12 సెం.మీ. ముక్క చెడింది. అక్కడ మునుపటి ఓనరు యురెథేన్ లేకుండా నేరుగా నూలు మీదే పూసినట్టున్నాడు.

అద్దాల_అన్నయ్య
ఆ 12 సెం.మీ. వరకు నల్ల సిలికాన్ వేసేయ్, వెనిగర్ వాసన రాని న్యూట్రల్ రకం. వెనిగర్ వాసన రకం డీఫాగర్ టాబ్‌లని తుప్పు పట్టిస్తుంది.

బెజవాడ_రెక్సిన్
అన్నయ్యా, పై అంచు మధ్య భాగం మీదే లాగుడు అంతా ఉంటుంది. అక్కడ సిలికాన్, పక్కన యురెథేన్, రెండూ కలిసే చోట ఒకదాని తడి ఇంకోదానికి అంటి అక్కడే మొదలవుతుంది ఊడడం. వద్దు.

కుట్టు వేద్దాం. 25 మి.మీ. వెడల్పు నూలు టేపు, 16 సెం.మీ. ముక్క తీసుకో, చెడ్డ చోటు మీద అటూ ఇటూ రెండేసి సెంటీమీటర్లు దాటేలా పరుచు. 92 సైజు బాండెడ్ పాలిస్టర్ దారం, చేతి సూది, రెండు వరసలు. కుట్టు పొడుగు 5, 6 మి.మీ. ఉండాలి. దగ్గర దగ్గరగా కుడితే పోస్టల్ స్టాంపు చిల్లుల్లా అయి గుడ్డ ఆ గీతెంబడి చినుగుతుంది. బయట వైపు కుట్టు మీద సీమ్ సీలర్ (కుట్టు చిల్లులు మూసే పూత) రెండు పూతలు. ఇప్పుడు కొత్త బంక పట్టుకునేది ఎవరూ ముట్టని నూలుని, నూలుని పట్టుకునేది దారం. సిలికాన్ కింద ఉన్నా దాని దారిన అది ఉంటుంది.

గోదారి_గేరు
బయటికి కుట్టు కనపడదా?

బెజవాడ_రెక్సిన్
కనపడుతుంది. నల్ల గుడ్డకి నల్ల దారం, దగ్గరికొచ్చి చూస్తేనే. ఎవడైనా అంత దగ్గరికొచ్చి చూస్తుంటే వాడిని ముందు కారు దిగమను.

అద్దాల_అన్నయ్య
సరే, ఒప్పుకున్నా. కుట్టే మేలు.

రేకుల_షెడ్డు
కుట్టేశా. వేలికి మూడు చోట్ల గుచ్చుకుంది, రెండు సూదులు విరిగాయి. ఇక అతికించడమే. ఏం గుర్తుంచుకోవాలి? 310 మి.లీ. ట్యూబు ఒకటి సరిపోతుందా?

అద్దాల_అన్నయ్య
2500 మి.మీ. పొడుగు, 20 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం, అంటే 100 మి.లీ. పిండి బయటికొచ్చేది కలిపినా ఒక ట్యూబులో సగం.

ముందు బంక లేకుండా అద్దం పెట్టి చూసి, గుడ్డ మీదా గాజు మీదా కలిసేలా మాస్కింగ్ టేపు ముక్కలు అతికించి బ్లేడుతో మధ్యలో కోసి గుర్తులు పెట్టుకో, ఎనిమిది చోట్ల. టాప్ పూర్తిగా బిగించకు. ముందు లాచ్ (టాప్‌ని విండ్‌షీల్డ్ పైన బిగించే గడియ) విప్పి ఒక జానెడు లేపి ఉంచు, గుడ్డ వదులుగా ఉండాలి. బిగువు మీద అతికిస్తే ఆరేలోపే గుడ్డ పైకి జరిగిపోతుంది. అద్దం కింద లోపల సీటు మీద అట్టపెట్టెలు పేర్చి, పైన దిండు పెట్టి అద్దాన్ని పైకి నెట్టు. పై నుంచి గుడ్డ మీద ఇసుక సంచులు, చిన్నవి, అరకిలోవి.

కెమిస్ట్రీ_అక్క
గుడ్డని ఆఖరిసారి ఆల్కహాల్‌తో తుడిస్తే కనీసం గంట ఆరనివ్వు. ఆల్కహాల్ మిగిలి ఉంటే ఆరని యురెథేన్‌తో అదే ముందు కలిసిపోయి బంక గట్టిపడదు, చూయింగ్ గమ్‌లా ఉండిపోతుంది. గాజు మీద కోసిన యురెథేన్‌ని అసలు తుడవకు. గ్లవ్స్ తప్పనిసరి.

వాతావరణం ఎండగా పొడిగా ఉంటే ఆరడం లేటవుతుంది. గ్యారేజీలో బకెట్ నీళ్లు, తడి తువ్వాలు పెట్టు. 20 డిగ్రీల పైన ఉంటే మంచిది.

రేకుల_షెడ్డు
నిన్న సాయంత్రం వేశా. బయటికి పిండొచ్చింది ఐస్‌క్రీం పుల్లతో తీశా, మాస్కింగ్ టేపు పావుగంటకే పీకేశా. ఇవాళ కొస నొక్కి చూస్తే గట్టిగా ఉంది. లాచ్ ఎప్పుడు బిగించొచ్చు?

అద్దాల_అన్నయ్య
మూడు రోజులాగి. టాప్ మడవడం మాత్రం వారం తర్వాత, అదీ ఎండలో గుడ్డ వెచ్చబడ్డాక. చలి పొద్దున్నే మడవకు.

రేకుల_షెడ్డు
కార్ వాష్?

బెజవాడ_రెక్సిన్
మిషన్ వాష్ ఇక మర్చిపో. చేత్తో కడుగు, ప్రెషర్ గొట్టం అంచుకి గురిపెట్టకు. ఎసిటోన్ అద్దిన చోట వాటర్ రిపెల్లెంట్ స్ప్రే మళ్లీ కొట్టాలి, అద్దానికి పేపరు కప్పి.

ఎడిసన్_కారప్పొడి
మిగిలిన అర ట్యూబు యురెథేన్ ఏం చేస్తావు?

రేకుల_షెడ్డు
ముక్కులో మేకు దూర్చి టేపు చుట్టా.

అద్దాల_అన్నయ్య
రెండు వారాల్లో మేకుతో సహా రాయైపోతుంది. పక్కింటి వాళ్ల అద్దం ఏమైనా ఊగుతోందేమో చూడు ఈలోపు.